ఎనిమిదంగుళాల అరుగుదల

వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బై ఒకటవ సంవత్సరం, జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం. తెల్లవారుజామున మొదలైన తుంపర పదిగంటలైనా ఆగలేదు. అలాగని పెరగనూ లేదు. గట్టిగా కురిస్తే గొడుగు తీయవచ్చు, వెలిస్తే మడిచి మూలన పెట్టవచ్చు. ఆ రెండూ కాని వాన, వెళ్లొస్తానని చెప్పి గుమ్మంలో నిలబడి గంటసేపు మాట్లాడే చుట్టం వంటిది.

ఇటువంటి రోజున లాండ్రీలో పనిచేసేవారికి ఆకాశం మీద కోపం వస్తుంది. పెరట్లో కట్టిన తాళ్లన్నీ ఖాళీగా వేలాడుతుంటాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడువందల దుప్పట్లు, హోటళ్ల మేజాగుడ్డలు, తువ్వాళ్లు అన్నీ తడితడిగా లోపలే కుప్పలు పడి ఉంటాయి. అప్పుడు లాండ్రీ భారమంతా ఒక్క యంత్రం మీద పడుతుంది. అది పిండుడు బుట్ట. ఒళ్లంతా చిల్లులున్న పెద్ద రాగి గంగాళం అనుకుంటే సరిపోతుంది. ఉతికిన గుడ్డలను అందులో కుదురుగా సర్ది మూత బిగించి మోటారు వేస్తే, బుట్ట గిర్రున తిరిగి నీళ్లన్నీ చిల్లులగుండా బయటికి చిమ్మేస్తుంది. ఆ బుట్ట దగ్గర పందొమ్మిదేళ్లుగా నిలబడుతున్నది, లాండ్రీ యంత్రాలు చూసే మేస్త్రి అక్కగారు.

ఆ రోజు ఉదయం ఆ బుట్టను బెల్టుతో తిప్పే మోటారు పుల్లీ అంచున మేస్త్రికి ఒక బీట కనిపించింది. వెంట్రుకవాసి బీట. మరొకరైతే మసి అనుకుని గుడ్డతో తుడిచి ఊరుకునేవారు. మేస్త్రి గోటితో గీరి చూశాడు, గోరు తట్టుకుంది. మోటారు ఆపించాడు.

ఈ మేస్త్రిని అందరూ నడుముల మేస్త్రి అనేవారు. మనిషి సన్నం, వయసు నలభైఆరు, మెడలో ఎప్పుడూ ఒక నూలుతాడు. దానికి అంగుళానికొక ముడి, పన్నెండు ముడులకొక ఎర్రదారం. పుల్లీ సైజు తెలుసుకోవాలంటే అందరూ దానికి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలుస్తారు. ఈ లాండ్రీలో మాత్రం మొదటినుంచీ తాడును పుల్లీ చుట్టూ తిప్పి, దర్జీ నడుము కొలిచినట్టు కొలవడమే వాడుక. ఈ వాడుకను పెట్టినవాడు మేస్త్రి తండ్రి. ఆయన హయాంలో లాండ్రీలో స్కేలు లేదు కాని దుప్పట్లు కొలిచే టేపులు బోలెడు ఉండేవి. పైగా పుల్లీ నడిమధ్యలో ఇరుసు అడ్డం ఉంటుంది గనుక స్కేలు సరిగ్గా మధ్యగా పెట్టడం కష్టం. తాడుకైతే ఏ అడ్డమూ లేదు.

అంగుళమనే మాట వేలినుంచి పుట్టింది. బెత్తె, జాన, మూర, బార అన్నీ ఒంటినుంచే పుట్టాయి. కొలతలు పెట్టినవారు కొలిచేందుకు ఒళ్లిచ్చారు కాని, అడ్డంగా కొలవాలో చుట్టూ కొలవాలో చెప్పి పోలేదు. మూర కొలిచే మోచెయ్యి ఎవరిదనే విషయంలోనే ఎన్ని బజార్లలో ఎన్ని తగవులు నడిచాయో లెక్కలేదు. అది వేరే కథ.

చుట్టుకొలతలో ఒక సుఖముంది. మోటారు నిమిషానికి పద్నాలుగువందల నలభై చుట్లు తిరుగుతుంది. దాని పుల్లీ నడుము పన్నెండంగుళాలు, కనుక చుట్టుకు పన్నెండంగుళాల బెల్టును లాగుతుంది. బుట్ట పుల్లీ నడుము ఇరవైనాలుగు; అది ఒక్క చుట్టు తిరగాలంటే ఇరవైనాలుగు అంగుళాల బెల్టు దాని మీదుగా సాగాలి. కాబట్టి మోటారు రెండుసార్లు తిరిగితే బుట్ట ఒక్కసారి, అంటే నిమిషానికి ఏడువందల ఇరవై. బడిలో పిల్లలను ఏడిపించే ఇరవైరెండు బై ఏడుతో పనేలేదు. అయితే ఒక నియమముంది. రెండు పుల్లీలనూ ఒకే రకంగా కొలవాలి. రెంటినీ చుట్టూ కొలిచినా సరే, రెంటినీ అడ్డంగా కొలిచినా సరే, లెక్క తప్పదు. ఒకదాన్ని చుట్టూ, ఒకదాన్ని అడ్డంగా కొలిస్తే మాత్రం యంత్రం మూడింతలకు పైగా వేగంతో పరుగెత్తుతుంది, లేదా మూడో వంతుకు చతికిలబడుతుంది.

లాండ్రీలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడే, అతడు మేనేజరు.

మేనేజరు మూడువారాల కిందట పెద్దాఫీసు నుంచి రెండు ట్రంకుపెట్టెల ఫైళ్లతో దిగాడు. కాగితం మీద లేనిది లోకంలో లేదన్నది ఆయన సిద్ధాంతం. వచ్చిన మొదటివారంలోనే, తాళ్లమీద ఆరవేసే దుప్పటికీ దుప్పటికీ మధ్య ఎడం నాలుగంగుళాలు ఉండాలని సర్క్యులరు తీశాడు. గాలి వీస్తే దుప్పట్లు కదులుతాయని ఎవరో మనవి చేస్తే, ఆ విషయం విడిగా రాసి పంపమన్నాడు.

బీట సంగతి మేనేజరుకు చెప్పి మేస్త్రి మామూలుగానే, సాయంత్రానికల్లా లేతు యంత్రం మీద కొత్త పుల్లీ కోసి బిగిస్తానన్నాడు. మేనేజరు ఆ మాటకు చెవులు మూసుకున్నంత పని చేశాడు. సొంతంగా కోసుకున్న సామాను ఇకమీదట వాడరాదనీ, కేటలాగు ప్రకారం కంపెనీ సరుకే తెప్పించాలనీ చెప్పి, సైజు ఎంతో రిజిస్టరు చూడమన్నాడు. స్టోరుకీపరు రిజిస్టరు తెచ్చాడు. బుట్ట మోటారు పుల్లీ, పన్నెండు. బుట్ట పుల్లీ, ఇరవైనాలుగు. అంకెలు ముత్యాలకోవలా ఉన్నాయి. అవి స్టోరుకీపరు స్వయంగా రాసినవే. చుట్టూ కొలిచినవని ఆయనకు తెలుసు. చెప్పవచ్చు. కాని ఆయన ఉద్యోగం ఇంకా నాలుగు నెలలే ఉంది. ఆ నాలుగు నెలలూ నోరు తెరవకుండా గడపాలని ఆయన నిశ్చయించుకుని ఉన్నాడు. పన్నెండంగుళాల పుల్లీ ఒకటి కావాలని ఆర్డరు వెళ్లిపోయింది. మేస్త్రి మామూలు ప్రకారం, ఆర్డరులో ఏ కొలతని రాశారో అడుగుదామని లోపలికి వెళితే, ఆర్డరు వెళ్లిన తరువాత ప్రశ్నలు స్వీకరించబడవని జవాబు వచ్చింది. పాత పుల్లీకి ఇనుపపట్టీ బిగించి పదిరోజులు నెట్టుకొచ్చారు.

ఇరవైమూడో తేదీ బుధవారం నాడు పెట్టె వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చి వసారాలో దించారు. మూత తీస్తే నల్లగా నిగనిగలాడుతూ, పక్కన 12 అని పోతపోసిన అంకెలతో, అన్నం పళ్లెమంత పుల్లీ. విప్పి తెచ్చిన పాతది పక్కన పెడితే టీ కప్పు సాసరంత ఉంది. చూసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇస్త్రీ రోలరు దగ్గరి అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది.

మేస్త్రి మెడలోని తాడు తీసి పాత పుల్లీ చుట్టూ చుట్టి, ఎర్రదారం ముడికి ముడి కలిసిన చోటు చూపించాడు. ఇది నడుము పన్నెండనీ, కొత్తది అడ్డం పన్నెండనీ, దీన్ని బిగిస్తే బుట్ట నిమిషానికి రెండువేల రెండువందల చుట్లకు పైన తిరుగుతుందనీ వివరించాడు. వేగం మూడింతలైతే బుట్టను చీల్చే బలం మూడింతలతో ఆగదు, తొమ్మిది పదింతలవుతుంది. బుట్ట పగిలిందంటే రాగి ముక్కలు గోడల్లో దిగబడతాయి. అలా పగిలిన బుట్టను తండ్రి ఎక్కడో చూసి వచ్చి, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదని మేస్త్రికి గుర్తుంది.

మేనేజరు ఓపికగానే విన్నాడు. వినడంలో ఆయనకు లోపం లేదు.

"పుల్లీకి నడుమేమిటి మేస్త్రీ? రేపు దానికి మోకాళ్లు కూడా ఉన్నాయంటావు."

"ఈ లాండ్రీలో అలాగే కొలుస్తామండీ. స్టోరుకీపరుగారిని అడగండి."

అందరూ స్టోరుకీపరు వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, రిజిస్టరులో ఉన్నది తాను రాసినదే అన్నాడు. అది నిజమే. నిజం చెబుతూనే నీళ్లు నమలడం ఒక విద్య. ఆయన అందులో ఆరితేరినవాడు.

మేనేజరు జేబులోంచి స్టీలు స్కేలు తీసి కొత్తదానికి అడ్డంగా పెట్టాడు. పన్నెండు. రిజిస్టరులో పన్నెండు. బిల్లులో పన్నెండు. ఇనుము మీద పన్నెండు. స్కేలుకు మూడు సాక్ష్యాలు. తరువాత పాతదానికి పెట్టాడు. మూడూ ముప్పాతిక దాటింది, నాలుగుకు అందలేదు. ఆయన చాలాసేపు ఆ రెండు పుల్లీలనూ మార్చిమార్చి చూశాడు. నిజంగానే ఆలోచించాడు. రిజిస్టరు ప్రకారం పుల్లీ పన్నెండు. ఇప్పుడు ఉన్నది సుమారు నాలుగు. కాగితం తప్పు కావడానికి వీల్లేదు గనుక, తప్పు ఇనుముదే కావాలి.

"ఎనిమిదంగుళాలు అరిగిపోయింది" అన్నాడు మేనేజరు.

ఇనుప పుల్లీ ఎనిమిదంగుళాలు అరగాలంటే తోలు బెల్టు దాన్ని ఎన్ని వందల ఏళ్లు రాయాలో, అరిగిన ఆ ఇనుపపొడి ఎన్ని తట్టలవుతుందో, అరిగీ అరిగీ అంత గుండ్రంగా ఎలా మిగిలిందో ఆయనకు తోచలేదు. తోచినది ఒక్కటే. ఇన్నేళ్లుగా ఈ లాండ్రీ అరిగిపోయిన పుల్లీతో, అందుకోవలసిన వేగంలో మూడోవంతుతో ఈడ్చుకొస్తున్నదని. తాను దాన్ని కనిపెట్టాడని. సోమవారం ఇరవైఎనిమిదిన డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. శనివారం బయటి ఫిట్టరు వచ్చి కొత్త పుల్లీ బిగిస్తాడు. సోమవారం డైరెక్టరుగారి కళ్ల ముందు బుట్ట అసలు వేగంతో తిరుగుతుంది.

మేస్త్రి చివరి ప్రయత్నంగా బుట్ట కాలి దగ్గరున్న కంపెనీవారి రేకు చూపించాడు. నిమిషానికి తొమ్మిదివందల చుట్లు మించరాదని దానిమీద ఉండేది. ఉండేది అనడమే సరి, ఎందుకంటే కిందటి తనిఖీకి ముందు శుభ్రంగా కనబడాలని ఆ రేకుకు కూడా పచ్చరంగు కొట్టేశారు. మేస్త్రి కొంత గీకి మించరాదన్న మాట వరకూ బయటపెట్టాడు. మించమని ఎవరన్నారు, పన్నెండుకు పన్నెండే కదా పెడుతున్నాం అని మేనేజరు అన్నాడు.

మర్నాడు మెమో వచ్చింది. ఎనిమిదంగుళాల మేర పుల్లీ అరగనివ్వబడినదనీ, సకాలంలో పై అధికారులకు తెలియజేయబడలేదనీ, ఇందుకు సంజాయిషీ నలభైఎనిమిది గంటలలో సమర్పించబడవలెననీ దాని సారాంశం. తెలుగువాడు మామూలుగా అన్నం తింటాడు కాని అతనిచేత అన్నం తినబడదు. ఈ బడు ధాతువు ఆఫీసుల్లో తప్ప మరెక్కడా సుఖంగా బతకలేదు. దాని చలవ వల్ల చేసినవాడెవడో ఎవరికీ తెలియదు, అనుభవించేవాడు మాత్రం అందరికీ తెలుస్తాడు.

మెమో సంగతి మేస్త్రికి పెద్దగా తలకెక్కలేదు. అతని తలలో ఉన్నది సోమవారం. ఆ సాయంత్రం లాండ్రీ వెనకనున్న క్వార్టర్లలో, పక్కపక్కనే ఉన్న రెండు వాటాల మధ్య అరుగుమీద, అక్క ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చున్నాడు. సోమవారం సెలవు పెట్టమన్నాడు. ఎందుకో చెప్పాడు.

"నేను సెలవు పెడితే బుట్ట సెలవు పెడుతుందా?" అంది అక్క తల ఎత్తకుండా. "నా చోట ఆ ఇస్త్రీ పిల్లని నిలబెడతారు. దానికి మూత సరిగ్గా బిగించడం కూడా రాదు."

"అందరం కలిసి పనిలోకి రామని చెబుదాం."

"ఎవరు చెబుతారు? స్టోరుకీపరా?" ఉల్లిపాయ ఘాటుకు కళ్లు తుడుచుకుంది. "ఒరే, నీకు నలభైఆరేళ్లొచ్చాయి. పందొమ్మిదేళ్లలో బుట్ట ఒక్కసారి వణికితే దాని గొంతు మారకముందే పరుగెత్తుకొచ్చేవాడివి. ఇప్పుడు నన్ను సెలవు పెట్టమని కూర్చున్నావా? పోయి ఆలోచించు."

అతడు ఆలోచించాడు. శుక్రవారం పొద్దున్నంతా లేతు ముందు ఊరికే కూర్చుని ఆలోచించాడు. పుల్లీని దొంగతనంగా దాచేయవచ్చు, ఇంకొకటి వస్తుంది. బెల్టు కోసేయవచ్చు, ఇంకొకటి కుడతారు. మేనేజరును ఒప్పించవచ్చు అన్న ఆలోచన మాత్రం అతనికి మళ్లీ రాలేదు. ఒకసారి కాగితాన్ని నమ్మినవాడిని కాగితమే ఒప్పించాలి తప్ప మనిషి ఒప్పించలేడు.

ఆ మాట తట్టగానే జేబులోని మెమో తీసి మళ్లీ చదివాడు. ఈసారి పుల్లీని చదివినట్టు చదివాడు. మెమో ప్రకారం, రిజిస్టరులో ఉన్న అంకె పుల్లీ అడ్డుకొలత. మెమో ప్రకారం, అడ్డుకొలత అంతకంటే తక్కువ ఉంటే అది అరుగుదల. అయితే రిజిస్టరులో రెండో వరస కూడా ఉంది కదా. బుట్ట పుల్లీ, ఇరవైనాలుగు. దానికి అడ్డంగా స్కేలు పెడితే ఏడున్నర దాటి కాస్త. మెమో మాట నిజమైతే, అది పదహారంగుళాలకు పైగా అరిగింది.

మోటారుకు అడ్డం పన్నెండు, బుట్టకు అడ్డం ఇరవైనాలుగు. రెండింటికీ ఒకే కొలత. మోటారు రెండు చుట్లకు బుట్ట ఒక చుట్టు. ఏడువందల ఇరవై.

అతడు లేచి గుమాస్తా దగ్గరికి వెళ్లాడు. గుమాస్తా ఆ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క తిన్నని మనిషి, కాని నాలుక మాత్రం వంకర. సంజాయిషీ రాసిపెట్టమని మేస్త్రి చెబుతుంటే మొదట నవ్వాడు, తరువాత కలం కింద పెట్టేశాడు.

"మేస్త్రిగారూ, ఇది మీరు ఒప్పుకుంటే మీ సర్వీసు రికార్డులో ఎక్కుతుంది. ఎనిమిదికి పదహారు కలిపి ఇరవైనాలుగు అంగుళాలు మింగినవాడు అంటారు. ఆ తరువాత మీకు మేస్త్రి అన్న పేరు ఉంచరు."

"రాయండి" అన్నాడు మేస్త్రి.

రాశాడు. మోటారు పుల్లీ ఎనిమిదంగుళాలు అరిగిన మాట నిజమేననీ, అది తన అశ్రద్ధేననీ, అంతేగాక ఎవరూ గమనించని బుట్ట పుల్లీ పదహారంగుళాలకు పైగా అరిగి ఉందని తానే స్వయంగా విన్నవించుకుంటున్నాననీ, రెండింటినీ ఒకేసారి మార్చకపోతే కొత్త పుల్లీ కూడా అరిగిపోయే ప్రమాదముందనీ. ఆఖరి మాట గుమాస్తా కల్పించాడు. అది వింటే మేనేజరు నిద్రపోడని అతనికి తెలుసు. కింద మేస్త్రి సంతకం చేశాడు. ఆ రెండు పుల్లీలనూ కోసినవాడు అతని తండ్రి. కోసి, ముడిమీద ముడి కలిసేదాకా తాడు చుట్టి చూసి, అప్పుడు గాని అన్నానికి లేచేవాడు కాదు.

మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లేచి నిలబడి చదివాడు. ఒక నేరానికి మెమో ఇస్తే రెండు నేరాలు బయటపడడం ఆయన ఉద్యోగ జీవితంలో మొదటిసారి. స్వయంగా వెళ్లి బుట్ట పుల్లీకి స్కేలు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఇరవైనాలుగంగుళాల పుల్లీకి పక్కూరికి లారీ పంపించాడు.

ఈ వార్త శనివారం ఉదయానికి లాండ్రీ అంతా పాకింది. అక్క బుట్ట ఆపి, తడిచేతులతోనే లేతు గదిలోకి వచ్చింది. గదిలో ఉన్న ఇద్దరు కూలీలు ఆమె మొహం చూసి బయటికి నడిచారు.

"నాన్న కోసిన పుల్లీ అరిగిందని నీ చేత్తో సంతకం పెట్టావంట."

"పెట్టాను."

"ఆయన జన్మలో ఒక నూలువాసి తేడా రానిచ్చినవాడు కాదు. పదహారంగుళాలంటావా? ఆయన ఉంటే ఏమనేవాడో తెలుసా నీకు?"

మేస్త్రి లేతుమీద పడిన ఇనుపరజను చేత్తో ఊడ్చాడు. ఊడ్చడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. "పుల్లీ నాన్నదే అక్కా" అన్నాడు. "దాని ముందు నిలబడేది నువ్వు కదా."

అక్క చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె చేతులు ఎప్పుడూ తడే, తుడుచుకున్నా తడే. "వెధవా" అంది చివరికి. ఆ మాట ఆమె అతణ్ణి ఏడేళ్ల వయసులో అనేది, బడి ఎగ్గొట్టినప్పుడు. వెళ్లి మోటారు వేసింది.

ఫిట్టరు పనిని ఒకరోజు వాయిదా వేశారు. ఆదివారం లారీ వచ్చింది. ఇరవైనాలుగంగుళాల పుల్లీ బుట్ట కింద పట్టలేదు. గోడ కొంత పగలగొట్టారు. మోటారును నాలుగడుగులు అవతలికి జరిపారు, అక్కడున్న సబ్బుల అలమరాను వరండాలోకి గెంటారు, రెండు బెల్టులు విప్పి ఒక బెల్టుగా కుట్టారు. బయటి ఫిట్టరు తల గోక్కుంటూ, ఇంత పెద్ద చక్రాలు ఇంత చిన్న బుట్టకు ఎందుకని మేస్త్రిని అడిగాడు. పాతవి అరిగిపోయాయి అన్నాడు మేస్త్రి. ఫిట్టరు ఆ పాతవాటిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మేస్త్రి మొహం చూసి, మళ్లీ అడగలేదు. పనివాళ్లు ఒకరినొకరు ఎంతవరకు అడగాలో అంతవరకే అడుగుతారు.

సోమవారం డైరెక్టరుగారు వచ్చారు. మోటారు వేసే ముందు మేస్త్రి బెల్టు మీద ఒక సుద్దగీత గీశాడు. బుట్ట మూతమీద చెయ్యి పెట్టి అక్క నిలబడింది. మోటారు వేశారు. పెద్ద చక్రాల మీద బెల్టు మునుపటికి మూడింతల జోరుగా పరుగెత్తింది. ఆ చప్పుడుకే డైరెక్టరుగారు ఒకడుగు వెనక్కి వేశారు. బుట్ట మాత్రం తన పాత గొంతుతోనే పాడింది. మేస్త్రి గోడవారన నిలబడి, గోడగడియారం చూస్తూ సుద్దగీతను లెక్కపెట్టాడు. లెక్కపెట్టి, బెల్టు పొడవుతో హెచ్చవేసి, కొత్త బుట్ట పుల్లీ నడుముతో భాగించాడు. ఏడువందల ఇరవై. అప్పుడు గాని అతడు గట్టిగా ఊపిరి తీసుకోలేదు.

ఎంత తేడా వచ్చింది అని డైరెక్టరుగారు మేనేజరును అడిగారట. కంటికి కనిపిస్తూనే ఉంది కదండీ అన్నాడట మేనేజరు. డైరెక్టరుగారు పుల్లీల వైపు చూసి, కనిపిస్తోందని ఒప్పుకున్నారు. బుట్టవైపు ఎవరూ చూడలేదు. అందులో చూడడానికేమీ లేదు, దుప్పట్లు ఎప్పటిలాగే పిండబడ్డాయి.

ఆ విజయంతో మేనేజరు ఆగలేదు. ఒక సంవత్సరం లోపల లాండ్రీలోని పుల్లీలన్నింటికీ అడ్డంగా స్కేలు పెట్టించి, అన్నీ మూడు వంతులలో రెండు వంతులకు పైగా అరిగిపోయినట్టు తేల్చాడు. ఇంత సమానంగా అరగడం ఇనుములో నిర్మాణలోపాన్ని సూచిస్తోందని ఒక నివేదిక రాశాడు. అన్నింటినీ మార్పించాడు. ఉతికే పీపాలకు, ఇస్త్రీ రోలర్లకు, గాలిపంకాకు, అన్నింటికీ ఎద్దుబండి చక్రాలంత పుల్లీలు వచ్చాయి. నడిచే దారి లేక పనివాళ్లు బెల్టుల కింద వంగి వెళ్లడం నేర్చుకున్నారు. యంత్రాలన్నీ మునుపటి వేగంతోనే, చుట్టు తేడా లేకుండా తిరిగాయి. అరుగుదల నివారణలో చూపిన చొరవకు మేనేజరును పెద్దాఫీసుకు ప్రమోషను మీద పిలిపించుకున్నారు. స్టోరుకీపరు తన నాలుగు నెలలూ క్షేమంగా గడిపి, సన్మానం చేయించుకుని ఇంటికి వెళ్లాడు.

మేస్త్రి విషయంలో గుమాస్తా చెప్పినట్టే జరిగింది. సర్వీసు రికార్డులో అశ్రద్ధ అని ఎక్కింది, పక్కనే బ్రాకెట్లో ఎనిమిది అంగుళాలు అని కూడా. పదహారంగుళాలను తానే ఒప్పుకున్నందుకు దయతలచి వదిలేశారు. జీతాల పుస్తకంలో మేస్త్రి అన్న మాట కొట్టివేసి సహాయకుడు అని రాశారు. లేతు గదికి తాళం పడింది. ఇరుసులకు గ్రీజు పెట్టే పని ఇచ్చారు. నాలుగు నెలలు ఆ పని చేశాడు. ఆ నాలుగు నెలలూ రోజుకు మూడుసార్లు బుట్ట దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడి విని వచ్చేవాడు. తరువాత మరో ఊళ్లో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, పాత లేతు ఒకటి కొనుక్కుని, పుల్లీలు కోసే పని పెట్టుకున్నాడు. గడ్డి కోసే యంత్రాలకు, రంపాలకు, పిండిమరలకు కోసేవాడు. వచ్చిన ప్రతివాణ్ణీ కొలత ఎలా తీశావని ముందు అడిగేవాడు, ఆ తరువాతే కూర్చోమనేవాడు. పేరు బాగానే పాకింది.

అక్క బుట్ట దగ్గరే ఉంది. ఇంకా పదకొండేళ్లు ఉంది. ఎనభైరెండు ఆగస్టు నెలాఖరున ఆమె రిటైరైంది. సెప్టెంబరు మొదటివారంలో లాండ్రీ ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. అప్పటి మేనేజరు కొత్తవాడు. ఆయనకు ఈ కథేమీ తెలియదు. ఉత్తరం ఇది.

*

మేనేజరుగారికి నమస్కారములు.

నేను మీ లాండ్రీలో ఇరవైరెండేళ్లు మేస్త్రిగానూ, నాలుగు నెలలు సహాయకుడుగానూ పనిచేసినవాణ్ణి. పిండుడు బుట్ట దగ్గర పనిచేసిన మా అక్క మొన్న ముప్పైఒకటిన పని విరమించుకుని నా దగ్గరికి వచ్చింది. అందుచేత ఇప్పుడు ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. ఆమె అక్కడ ఉన్నన్నాళ్లూ రాయలేదు. నిజం బయటపడితే ఎవరో ఒకరు దాన్ని సగం మాత్రం సరిదిద్దుతారేమోనని భయపడ్డాను.

డెబ్బైఒకటి జూన్‌లో నేను ఇచ్చిన సంజాయిషీ అబద్ధం. ఆ పుల్లీలు అరగలేదు. రిజిస్టరులో ఉన్న అంకెలు చుట్టుకొలతలు, అడ్డుకొలతలు కావు. ఆనాటి స్టోరుకీపరుగారు కాలం చేశారు, సాక్ష్యానికి ఎవరూ లేరు. నా మాట నమ్మకపోయినా ఫరవాలేదు.

ఒక్కటి మాత్రం తప్పక నమ్మండి. ఇప్పుడు అక్కడున్న పెద్ద పుల్లీలు పెద్దవే అయినా బాగానే తిరుగుతాయి, మార్చవద్దు. ఎప్పుడైనా ఒకటి పాడైతే జతను చూసి మార్చండి. ఏ కొలత తీసినా రెండింటికీ అదే తీయండి. బుట్ట ఏడువందల ఇరవైకి మించి తిరగకూడదు, తొమ్మిదివందలు దాటితే పగులుతుంది. దాని కాలి దగ్గర పచ్చరంగు కింద ఆ మాటే రాసి ఉంది, గీకించండి. ఇప్పుడు అక్కడ నిలబడేది ఇస్త్రీ దగ్గరినుంచి వచ్చిన అమ్మాయి అని అక్క చెప్పింది. మూత బిగించడం ఆమెకు నేర్పి వచ్చిందట. అయినా మొదటి నెల రోజులు ఎవరైనా పక్కన ఉంటే మంచిది.

నా సర్వీసు రికార్డులో అశ్రద్ధ అని రాసి ఉంది. వీలైతే కొట్టివేయించండి. నా కోసం అడగడం లేదు. ఆ పుల్లీలు మా నాన్నగారు కోసినవి.

కొట్టివేయడానికి రూలు ఒప్పుకోదంటే దాన్ని అలాగే ఉంచండి. కాని బ్రాకెట్లో ఎనిమిది అంగుళాలు అని ఉంది. పన్నెండులోంచి ఆ పుల్లీ అడ్డుకొలత తీసివేస్తే ఎనిమిది అంగుళాల పైన ఇంకా ఒక అరపావు అంగుళం, ఆ పైన కాస్త వస్తుంది. దయచేసి ఆ అంకెనైనా సరిచేయించండి.

ఇట్లు
మీ లాండ్రీ పాత మేస్త్రి